ఈలలో గోళీ

మా బావగారికి కోపం వస్తే అది ఇంట్లో ఉండదు. ఊరి మీదికి పోతుంది. ఆ ఒక్కసారి మాత్రం దేశాల మధ్యకి పోయింది, పోయి తిరిగొచ్చి మా నెత్తినే పడింది.

మా కుటుంబం చేసేది ఈలలు. ఆటలో తప్పు జరిగితే రిఫరీ బుగ్గలు పొంగించి ఊదుతాడే, ఆ ఇత్తడి ఈల. కింద కార్ఖానా, పైన కాపురం. రేకు కోసే యంత్రం మా ఆయనది. మీసం మొలవని వయసు నుంచి దాని ముందే నిలబడ్డాడు, దానితో మాట్లాడినన్ని మాటలు నాతో మాట్లాడి ఉండడు. అతుకులు పెట్టడానికి ఆరుగురు పనివాళ్ళున్నారు. ఈల లోపలికి గోళీ దూర్చేది నేను. తయారైన ప్రతి ఈలనీ గాలిగొట్టానికి తగిలించి మోత సరిగ్గా ఉందో లేదో తేల్చేది మా తోడికోడలు, అంటే బావగారి భార్య. ఆవిణ్ణి నేను అక్కయ్యా అంటాను. ఇత్తడి రేకు కొనేదీ ఆవిడే, దుకాణదారు చేత కన్నీళ్ళు పెట్టించి ధర తగ్గించేదీ ఆవిడే. ఇక బావగారు బయటి వ్యవహారాలు చూస్తారు. బయటి వ్యవహారాలంటే బయటికెళ్ళి మాట్లాడటం.

ఈల గురించి ఒక్క ముక్క చెప్పాలి, లేకపోతే మా గొడవ అర్థం కాదు. ఈల పొట్టలో బఠాణీ గింజంత గోళీ ఒకటి దొర్లుతూ ఉంటుంది. అది ఉంటేనే ఈల గిరగిరా మోగుతుంది. లేకపోతే పాలు పొంగేటప్పుడు వచ్చే చప్పుడు తప్ప ఏమీ రాదు. ఆ గోళీని సీసా బిరడాలు చేసే కార్కుతో చెయ్యాలి. కార్కు నొక్కితే నలిగి సన్న సందులోంచి లోపలికి పోతుంది, లోపల మళ్ళీ ఉబ్బి బయటికి రాకుండా ఉండిపోతుంది. ఎంత ఉమ్మి తగిలినా నానదు. ఆ కార్కు చెట్లు మా దగ్గర లేవు. మేము తెప్పించుకునేది ఒకే దేశం నుంచి. మా ఈలల్లో మూడింట రెండు వంతులు కొనేది కూడా ఆ దేశమే. వాళ్ళ బెరడు మా ఇత్తడిలో కూర్చుని మళ్ళీ వాళ్ళ ఊరికే వెళ్ళి మోగేది. ఏళ్ళ తరబడి ఈ సంబంధం ఏ పేచీ లేకుండా నడిచింది.

ఒకరోజు పొద్దున్నే రేడియోలో వార్త వచ్చింది. ఆ దేశం వాళ్ళు మన సరుకులన్నిటి మీదా నాలుగో వంతు సుంకం వేశారు. సాయంత్రానికి అక్కడి మా వర్తకుడు ఫోన్ చేశాడు. ఆ సుంకం కట్టేది తనేననీ, మేము ధర తగ్గించకపోతే వేరే చోట చూసుకుంటాననీ, ఎంత తగ్గిస్తామో చెబితేనే ఈ ఏటి ఆర్డరు ఖాయం చేస్తాననీ మర్యాదగానే చెప్పాడు. మర్యాదగా చెప్పినంత మాత్రాన కడుపు మంట తగ్గుతుందా? ఆ రాత్రి భోజనాల దగ్గర బావగారు ఆ దేశాన్ని ఎన్ని తిట్లు తిట్టారో, మధ్యలో కూరలో ఉప్పు తక్కువైనందుకు కూడా దాన్నే తిట్టారు.

వారం తిరక్కుండా వాణిజ్య శాఖ వాళ్ళు టౌన్ హాల్లో సభ పెట్టారు. చిన్న పరిశ్రమల వాళ్ళంతా రావచ్చు, సలహాలివ్వచ్చు అన్నారు. అధికారిణి ఒకావిడ వచ్చింది, కళ్ళద్దాలు ముక్కు చివర పెట్టుకుని, జలుబుతో. వాళ్ళు మనల్ని కొట్టారు, మనం దేని మీద కొడితే వాళ్ళకి నొప్పి తెలుస్తుంది, వాళ్ళు గొప్పగా చేసే వస్తువేదో మీరు చెప్పండి, దాని మీద పన్ను వేస్తాం అంది. హాలంతా తల గోక్కుంటూ ఉండగా బావగారు లేచి నిలబడ్డారు.

"కార్కు" అన్నారు.

అని ఊరుకోలేదు. ఆ దేశపు కార్కు ఎంత మెత్తనిదో, ఎంత తేలికైనదో, దాని మీద ఎన్ని వేల కుటుంబాలు బతుకుతున్నాయో, దాని మీద రెట్టింపు పన్ను వేస్తే వాళ్ళు ఎలా కాళ్ళబేరానికి వస్తారో కళ్ళకి కట్టినట్టు చెప్పారు. అంత బాగా ఎందుకు చెప్పగలిగారంటే, ఆ దేశంలో తయారయ్యే వస్తువుల్లో ఆయనకి తెలిసింది అదొక్కటే. తెలిసింది ఎందుకంటే మేము కొనేది అదొక్కటే కాబట్టి. రెండో వరసలో కూర్చున్న నేను, మనం కొనేది కూడా అదే కదా అని అక్కయ్య చెవిలో అన్నాను. నోరు మూసుకో, నలుగురూ చూస్తున్నారు అంది ఆవిడ, నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని.

హాలు చప్పట్లతో ఊగిపోయింది. ఆ ఊపులో తక్కినవాళ్ళూ లేచారు. కుంచెలు చేసే ఆయన కుంచె వెంట్రుకలన్నాడు. బట్టలు కుట్టే కార్ఖానా ఆయన యంత్రం సూదులన్నాడు. పుస్తకాలు బైండు చేసే ఆవిడ జిగురంది. ఎవరి నోటికి ఏది వస్తే అది అరిచారు. అధికారిణి ముక్కు తుడుచుకుంటూ అన్నీ రాసుకుంది.

ఇంటికొచ్చాక అక్కయ్య నిలదీసింది. త్యాగం లేకుండా పోరాటం ఉండదని బావగారు జవాబు చెప్పారు. గోదాములో రెండు బస్తాల కార్కు ఉందిగా, అది అయ్యేలోపు వాళ్ళు దిగొస్తారన్నారు. మర్నాడు పేపర్లో ఆయన బొమ్మ పడింది, నోరు పూర్తిగా తెరిచి ఉన్నది. బజారులో అందరూ ఆయన్ని ప్రతీకారం గారూ అని పిలవడం మొదలుపెట్టారు. బావగారు అటక మీది ఇస్త్రీ చొక్కాలు రెండు దింపించారు.

పన్ను నిజంగానే పడింది, అడిగినంతా పడింది. రేవులో కార్కు దింపే వ్యాపారి, ఇంత పన్ను కట్టి మీ రెండు బస్తాల కోసం తెప్పించడం నా వల్ల కాదని అసలు తెప్పించడమే మానేశాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపడం విన్నాం. మా బావగారు దుత్తని కూడా మా వంటింట్లోంచే ఎంచుకున్నారు. గోదాములో ఉన్న రెండు బస్తాల్లో ఒకటి విప్పితే సగం పొట్టు. ఆ దేశం వాళ్ళు దిగిరాలేదు, ఏడవలేదు, కనీసం ఒక ఉత్తరం ముక్కైనా రాయలేదు. వాళ్ళ సుంకం గోరుచుట్టు అనుకుంటే మన పన్ను రోకటి పోటు అయింది.

అక్కయ్య మమ్మల్నందరినీ పరీక్ష బల్ల చుట్టూ కూర్చోబెట్టి ఉన్న మాట చెప్పింది. నెలాఖరుకి ధర తేల్చి నమూనా ఈలలు పంపకపోతే ఆ వర్తకుడు పోయినట్టే. అతను పోతే ఆరుగురికి కూలి ఇవ్వలేం. రేకు యంత్రం అమ్మాల్సిందే, కొనడానికి తాళాలు చేసే ఆయన అప్పుడే రెండుసార్లు వచ్చి చూసిపోయాడు. మా ఆయన లేచి వెళ్ళి యంత్రాన్ని నూనె గుడ్డతో తుడిచాడు. దాన్ని పొద్దున్నే తుడిచాడని నాకు తెలుసు. నాకు ఏడుపొచ్చింది, బావగారి మీద ఒళ్ళు మండింది, రెండూ ఒకేసారి.

బావగారు మాత్రం ఓటమి ఒప్పుకునే మనిషి కాదు. కార్కు లేకపోతే దాని తాత ఉంటాడన్నారు. ముందు చెక్క గోళీలు చేయించారు. చెక్క నలగదు కదా, సందులో దూరలేదు. దూరేంత చిన్నది చేయిస్తే ఊదగానే ఎదుటివాడి మొహాన వచ్చి పడింది. తర్వాత పూసల దండ తెంపి ప్లాస్టిక్ పూసలు వేశారు. ఈల మోగింది కానీ, గొంతులో ముల్లు పడ్డవాడు అరిచినట్టు మోగింది. చివరికి ఒకరోజు వంటింట్లోకి వెళ్ళి ఎండు బఠాణీల డబ్బా ఎత్తుకొచ్చారు. చిన్న బఠాణీ ఏరి వేస్తే సందులో చక్కగా దూరింది. గాలిగొట్టానికి తగిలిస్తే గిరగిరా మోగింది. బావగారు ఇటు తిరిగి, అటు తిరిగి, ఇక ఆ దేశం మొహం చూడక్కర్లేదన్నారు. దానికి స్వదేశీ గోళీ అని పేరు కూడా పెట్టారు.

అక్కయ్య ఒక్కటే అంది, గాలిగొట్టం ఉమ్మెయ్యదు, మనిషి ఉమ్మేస్తాడు అని. బావగారు వినిపించుకోలేదు. బడిలో ఆ వారమే ఫుట్‌బాల్ పోటీ ఉంది, డ్రిల్లు మాస్టారికి స్వదేశీ ఈల ఇచ్చి ఊరందరి ముందూ ఊదిస్తానన్నారు.

మొదటి సగం ఆట బ్రహ్మాండంగా నడిచింది. మాస్టారు ఊదినప్పుడల్లా బావగారు పక్కనున్నవాళ్ళ వైపు చూసి తల ఊపారు. రెండో సగంలో బఠాణీ నానింది. నానిన బఠాణీ ఉబ్బింది. ఉబ్బిన బఠాణీ కదలడం మానేసింది. ఒక పిల్లాడు బంతిని రెండు చేతులా పట్టుకుని పరుగెత్తాడు, మాస్టారు ఊదారు, ఈల పుస్సుమంది. గోలు పడింది, పుస్సుమంది. ఇద్దరు చొక్కాలు పట్టుకున్నారు, మాస్టారు మొహం కందగడ్డలా ఎర్రబడేదాకా ఊదారు, పుస్సు తప్ప ఏమీ రాలేదు. ఆట ఆపేవాడు లేక ఆట ఆగలేదు. టైము అయిపోయాక కూడా రెండు జట్లూ గోల్స్ వేసుకుంటూనే ఉన్నాయి. ఆఖరికి మాస్టారు మైదానం మధ్యకి పరుగెత్తి బంతి మీద బోర్లా పడుకున్నారు. అప్పుడు ఆగింది.

సాయంత్రం ఆయనే కార్ఖానాకి వచ్చి ఈలని బల్ల మీద పెట్టారు. ఇంకో రెండు రోజులు జేబులో ఉంచుకుంటే మొలకెత్తేలా ఉందండీ, నాకు భయంగా ఉంది అని వెళ్ళిపోయారు.

ఆ మర్నాడే పేపర్లో ఇంకో ప్రకటన వచ్చింది. పన్నులేసిన సరుకుల మీద అభ్యంతరాలుంటే చెప్పుకోవచ్చనీ, అదే టౌన్ హాల్లో ఆ అధికారిణే వచ్చి వింటుందనీ. అక్కయ్య పేపరు మడిచి బావగారి ముందు పెట్టి, వెళ్ళి రెండు విషయాలు అడగమంది. ఒకటి, కార్కు మీద పన్ను ఎత్తెయ్యమని. రెండోది బావగారు ఊహించనిది.

"వాళ్ళేసిన సుంకం మనం తియ్యలేం, మన సర్కారూ తియ్యలేదు" అంది. "కానీ మనం కొనే ఇత్తడి రేకు మీద మన సర్కారే పన్ను గుంజుతోంది కదండీ, అది మన చేతిలోదే కదా. అది తీసేస్తే మన ఈల ధర తగ్గుతుంది. ఆ వర్తకుడికి సుంకం భారం సగానికి సగం మనమే దించినట్టవుతుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు."

బావగారు, దేశాల తగాదాలో రేకుల గోల ఏమిటన్నారు. రెండు రోజులు ఇదే వాదన. ఆవిడ ఇత్తడి అంటే ఆయన ఆత్మగౌరవం అంటారు. అసలు బాధ అది కాదని నాకు తెలుసు. నలుగురి ముందు వెయ్యమన్నది తనే, ఇప్పుడు అదే నలుగురి ముందు నిలబడి తియ్యమంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలి? తమ్ముణ్ణి పంపుదామన్నారు. నాకు మైకు చూస్తే మాట పడిపోతుంది అన్నయ్యా అన్నాడు మా ఆయన. పేరు లేని అర్జీ ఒకటి పడేద్దామన్నారు. అక్కయ్య గాలిగొట్టం కట్టేసి చేతులు తుడుచుకుంది. మీరు వెళ్ళకపోతే తాళాల ఆయన్ని రేపే రమ్మంటాను, యంత్రం తీసుకుపొమ్మంటాను అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మా ఆయన వైపు చూడలేకపోయింది.

రెండో సభ నాడు హాలు మొదటిసారి కంటే ఎక్కువగా కిటకిటలాడింది కానీ చప్పుడు లేదు. అధికారిణికి జలుబు తగ్గింది. ఎవరికైనా అభ్యంతరాలున్నాయా అంది. ఎవరూ లేవలేదు. కుంచెల ఆయన పైకప్పు చూస్తున్నాడు. బట్టల కార్ఖానా ఆయన చెప్పుల వైపు చూస్తున్నాడు. బైండింగు ఆవిడ తన గోళ్ళు తానే కొత్తగా చూస్తోంది. నాకు మెల్లగా బోధపడింది. ఆ రోజు వీళ్ళంతా అరిచింది కూడా మా బావగారి లెక్కలోనే. ఎవడికి ఏ వస్తువు తెలుసో అదే చెప్పారు, ఎవడు ఏది కొంటాడో వాడికి అదే తెలుసు. ఊరు ఊరంతా కొరివితో తల గోక్కుని, జుట్టు కాలిన వాసన పక్కవాడిదని ఊరుకున్నారు.

అభ్యంతరాలు లేవు కాబట్టి పన్నులు రెండేళ్ళు ఇలాగే ఉంటాయని అధికారిణి కాగితాలు సర్దుకోబోయింది. అక్కయ్య కదల్లేదు, బావగారి వైపు కూడా చూడలేదు. బావగారు లేచారు. మైకు దగ్గరికి వెళ్ళి, గొంతు సవరించుకుని, "తప్పు నాది. కార్కు మీద పన్ను నేనే అడిగాను. అది నా నెత్తినే పడింది. తీసెయ్యండి" అన్నారు.

ఆ మాట ఆయన నోట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. నిజం చెప్పొద్దూ, గర్వంగా అనిపించింది. అదీ కాసేపే. చప్పట్లు మొదలయ్యాయి, మొదటిసారి కంటే గట్టిగా. వెనకే కుంచెల ఆయన లేచాడు, ఆ వెనక సూదులు, ఆ వెనక జిగురు, మైకు ముందు వరస హాలు గుమ్మం దాకా వెళ్ళింది. అధికారిణి ఒక్కొక్కటీ కొట్టేస్తూ పోయింది. ఆఖరికి మిగిలింది గుర్రపు నాడాలు. అవి చెప్పింది ఏ వ్యాపారమూ లేని ఒక రిటైర్డు గుమాస్తా. ఆ దేశం నుంచి నాడాలు ఎవరూ ఎన్నడూ తెప్పించలేదు. వాటి మీద పన్ను దేశ గౌరవం కోసం ఉంచేశారు.

అధికారిణి కలం పక్కన పెట్టింది. దేని మీదా పన్ను వద్దంటున్నారు, మరి వాళ్ళ సుంకానికి జవాబుగా ప్రభుత్వాన్ని ఏం చెయ్యమంటారు అని అడిగింది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. హాలంతా మళ్ళీ మా బావగారి వైపు తిరిగింది. చప్పట్లు విన్న మనిషి కదా, ఆయన ఛాతీ మళ్ళీ పొంగింది.

"నాకొక ఆలోచన వచ్చిందండీ" అన్నారు.

వచ్చిన ఆలోచన ఇత్తడి రేకు. వాళ్ళ సుంకం మనం తియ్యలేం, మన పన్ను మనం తియ్యగలం, ఇంట గెలిచి రచ్చ గెలవాలి, అక్షరం పొల్లు పోకుండా అక్కయ్య మాటలే. కుంచెల ఆయన ఆహా అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కయ్య మాత్రం ఒడిలో చేతులు పెట్టుకుని ఎవరిదో పెళ్ళి చూస్తున్నట్టు కూర్చుంది.

అధికారిణి కళ్ళద్దాలు సర్దుకుంది. ఇది బాగుంది, పైకి పంపడానికి వీలుగా ఉంది, కానీ ఒక ఈల ధరలో రేకు ఎంత, రేకులో పన్ను ఎంత, అది తీస్తే మీరు అక్కడి వర్తకుడికి నిజంగా ఎంత తగ్గించగలరు, ఇప్పుడు చెబితే ఈ రోజే రాసి పంపుతాను అంది. బావగారు జేబులు తడుముకున్నారు. కొనేది ఆయన కాదు కదా. మెడ తిప్పి అక్కయ్య వైపు చూసి, నువ్వు చెప్పు అన్నట్టు గడ్డం ఎగరేశారు.

"మీ ఆలోచన కదండీ, మీరే చెప్పండి" అంది అక్కయ్య.

హాలంతటికీ వినిపించింది. అక్కయ్య పక్షాన న్యాయం ఉంది, నాకు తెలుసు. కానీ ఆ లెక్క ఆవిడకి తప్ప మా ఇంట్లో ఎవరికీ తెలియదు, అది చెప్పకపోతే కాగితం కదలదు, కాగితం కదలకపోతే యంత్రం తాళాల ఆయన ఇంటికి పోతుంది. పక్కన మా ఆయన అరిచేతులు మోకాళ్ళకి రుద్దుకుంటున్నాడు. ఆవిడ కాళ్ళు పట్టుకుందామా అనుకున్నాను. బావగారు మా వైపు చూశారు, అధికారిణి వైపు చూశారు, చప్పట్లు కొట్టిన జనం వైపు చూశారు. దేశం ముందు తప్పు ఒప్పుకోవడానికి ఆయనకి అరనిమిషం పట్టలేదు. ఇది మాత్రం గొంతు దాటి రావడానికి చాలాసేపు పట్టింది. ఏదో అన్నారు, పెదవులు కదిలాయి.

వినపడలేదు, రికార్డులో రాయాలి, మైకు దగ్గరగా చెప్పండి అంది అధికారిణి.

"ఆలోచన నాది కాదు" అన్నారు బావగారు మైకులో. "మా ఆవిడది. రెండు రోజులు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. నేను వినలేదు."

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. హాల్లో ఉన్న మగవాళ్ళు చాలామంది మళ్ళీ పైకప్పు చూశారు. అక్కయ్య లేచి, చీర సర్దుకుని, మైకు దగ్గరికి వెళ్ళి రేకు ధర నుంచి ఓడ కూలి దాకా కూరగాయల బేరం చెప్పినంత తేలిగ్గా చెప్పింది. అధికారిణి రాసుకుంది, రెండుచోట్ల ఆగి మళ్ళీ అడిగింది, మళ్ళీ రాసుకుంది.

కార్కు మీద పన్ను ఆ వారమే పోయింది. ఇత్తడి మీద మొత్తం పోలేదు, సగం పోయింది. సర్కారు పూర్తిగా ఇస్తే దానికి నిద్ర పట్టదు. వర్తకుడు ఆర్డరు కొంత తగ్గించాడు కానీ వదులుకోలేదు. ఆరుగురూ పనిలోనే ఉన్నారు, యంత్రం మా ఆయన ముందే ఉంది. ఆ దేశం వాళ్ళ సుంకం ఈనాటికీ అలాగే ఉంది.

ఇవన్నీ తరవాతి సంగతులు. ఆ సాయంత్రం హాలు నుంచి ఇంటికి నడిచి వస్తుంటే బావగారు పదడుగులు ముందు వెళ్ళిపోయారు. వీధి మలుపులో ఆగి, వెనక్కి తిరిగి, అక్కయ్య దగ్గరకొచ్చేదాకా నిలబడ్డారు. ఊరందరి ముందూ నా చేత ఆ మాట చెప్పించావు అన్నారు, కోపం కంటే దిగులే ఎక్కువగా.

"ఇంట్లో మీరు ఒక్కసారి చెప్పి ఉంటే ఊరి దాకా వచ్చేది కాదు కదండీ" అంది అక్కయ్య.